నీళ్ళు "వచ్చాయి" అని ఎప్పుడు రాయాలి?

ఊరిబావి (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. నల్గొండ జిల్లాలో ఒక చిన్న సంస్థ తరఫున తాగునీటి సర్వేలు చేస్తుంటాను. ఈసారి ప్రశ్నల ఫారం రాసే పని కూడా నా మీదే పడింది. మూడు రోజులుగా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. "మీ ఇంట్లో తాగే నీళ్ళు ముఖ్యంగా ఎక్కడి నుంచి వస్తాయి?" ప్రపంచమంతా సర్వేల్లో అడిగే ప్రశ్నే ఇది.

పోయిన వారం మర్రిగూడ వైపు ఒక ఇంటికి వెళ్ళాను. వాకిట్లో నల్లా ఉంది, నీళ్ళు ధారగా వస్తున్నాయి. ఆ ఇంటామె ఆ నీళ్ళతో గిన్నెలు తోముతోంది. లోపల స్టూలు మీద ఇరవై లీటర్ల క్యాన్ ఉంది. తాగేది అదే. "నల్లా నీళ్ళు మంచిగనే ఉంటయంటరు బిడ్డా. బోరింగు నీళ్ళు గూడ మంచిగనే ఉంటయని మా అత్త తాగింది" అంది. అత్త గడప పక్కనే కూర్చుని ఉంది. నేను పలకరిస్తే, బోరు నీళ్ళ ఫ్లోరైడ్‌తో బిగుసుకుపోయిన మెడ తిప్పలేక, రెండు చేతులూ నేలకి ఆనించి మనిషి మొత్తం నా వైపు తిరిగింది.

ఈ ఇంటిని ఏ గడిలో వేయాలి? నల్లా ఉంది కాబట్టి నీళ్ళు వచ్చినట్టు. తాగడం లేదు కాబట్టి రానట్టు. క్యాన్ కొంటున్నారు కాబట్టి మా పాత ఫారం ప్రకారం "ఇతరములు".

నా అనుమానం ఈ ఒక్క ఇంటి గురించి కాదు. 2012 మార్చిలో ఐక్యరాజ్యసమితి ఒక శుభవార్త చెప్పింది. రక్షిత నీరు అందని జనం శాతాన్ని 1990తో పోలిస్తే 2015కల్లా సగం చేయాలన్న సహస్రాబ్ది లక్ష్యం ఐదేళ్ళు ముందే, 2010కే పూర్తయిందని. ఆ ఇరవై ఏళ్ళలో 200 కోట్ల మందికి పైగా నీళ్ళు అందాయని. ఈ అత్త తాగిన బోరింగు కూడా ఆ లెక్కలో "అందిన" నీళ్ళే కదా? అలాంటప్పుడు అది ఎవరి విజయం? ఈ విషయంలో పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

గణాంకి (సోమవారం, రాత్రి 11:15)

ఊరిబావి గారూ, మీ అనుమానం నిజమే. నేను అర్థశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, ఈ లెక్కలతోనే రోజూ పని.

అప్పట్లో కొలిచింది నీళ్ళని కాదు, నీళ్ళు వచ్చే చోటుని. "మెరుగైన వనరు" అని ఒక జాబితా ఉండేది. కుళాయి, బోరింగు, గట్టు కట్టి మూత వేసిన బావి, వాననీళ్ళ తొట్టి. వీటిలో ఏది వాడినా ఆ ఇల్లు పాస్. ఆ నీళ్ళలో ఏముందో ఆ లెక్క చూడదు.

2015లో సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు వచ్చాక కొలత మార్చారు. ఇప్పుడు "సురక్షితంగా నిర్వహించే నీరు" అనాలంటే మూడు ఉండాలి: నీళ్ళు ఇంటి ఆవరణలోనే దొరకాలి, అవసరమైనప్పుడు రావాలి, మలం తాలూకు క్రిములు గానీ ఆర్సెనిక్, ఫ్లోరైడ్ గానీ పరిమితి దాటి ఉండకూడదు. దీని ఫలితం చూడండి. పాత కొలత ప్రకారం 2015లో నీళ్ళు అందనివాళ్ళు 66.3 కోట్లు. అదే 2015 సంవత్సరానికి కొత్త కొలతతో 2017లో లెక్క వేస్తే 210 కోట్లు! ఎక్కడా చెరువు ఎండిపోలేదు, ఏ బోరూ పూడిపోలేదు. ఫారంలో ప్రశ్న మారింది, అంతే.

మీ క్యాన్ సంగతి కూడా చెప్తాను. పాత లెక్కలో క్యాన్ నీళ్ళు తాగే ఇల్లు, వంటకీ స్నానానికీ ఇంకో మెరుగైన వనరు ఉంటేనే పాస్. కొత్త లెక్కలో క్యాన్‌ని కూడా మెరుగైన వనరుల్లో చేర్చారు. కాబట్టి "ఇతరములు" గడి తీసేయండి, క్యాన్‌కి సొంత గడి పెట్టండి. మన పల్లెల్లో ఇప్పుడు అది చాలా పెద్ద గడి.

అయినా పాత కొలతని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. సహస్రాబ్ది లక్ష్యాలు ఎనిమిదే కాబట్టి జనానికి గుర్తున్నాయి, మంత్రులు సమాధానం చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు 17 లక్ష్యాలు, 169 ఉపలక్ష్యాలు. అన్నీ ముఖ్యమే అన్నాక దేనికి ముందు డబ్బు పెట్టాలో ఎవరూ చెప్పరు.

రిటైర్డ్ ఏఈ (మంగళవారం, ఉదయం 6:20)

అమ్మా ఊరిబావి, గ్రామీణ నీటి సరఫరాలో ముప్పై ఏళ్ళకు పైగా ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం ప్రకాశం జిల్లాలోనే. మీ పోస్టు చదివి పొద్దున్నే రాస్తున్నాను.

మన దేశంలో ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే రోగం) గురించి మొదట బయటి ప్రపంచానికి చెప్పింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచి. పొదిలి, దర్శి ప్రాంతాలు. అక్కడి పశువులకీ మనుషులకీ ఒకే రకంగా కీళ్ళు పట్టేస్తున్నాయని గమనించారు. అంటే స్వాతంత్ర్యం రాకముందే రోగం తెలుసు, కారణం తెలుసు. అయినా తర్వాత యాభై ఏళ్ళు మేం బోర్లు వేస్తూనే వచ్చాం. ఎందుకంటే మాకిచ్చిన లక్ష్యం బోర్ల సంఖ్య. మార్చి నెలాఖరుకి ఇన్ని బోర్లు పడాలి, ఇన్ని ఆవాసాలు "కవర్" కావాలి. నీళ్ళు పడితే కొబ్బరికాయ కొట్టేవాళ్ళం. ఎంత లోతుకి వెళ్తే అంత ఫ్లోరైడ్ తగిలే రాతినేలలు అవి. పరీక్ష రిపోర్టు వచ్చేసరికి బోరు రిజిస్టరులోకి ఎక్కిపోయి ఉండేది. రిజిస్టరులోంచి తీసేయడానికి గడి లేదు. నా చేత్తో నేను ఎక్కించినవి కూడా ఉన్నాయి. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నల్గొండ పేరుతో ఒక పద్ధతి ఉంది, తెలుసుగా. నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ కనిపెట్టింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్ళు బాగా తిప్పి, తేట పడనిచ్చి, వడకట్టడం. ఊరంతటికీ సరిపడే మొదటి ప్లాంటు 1980లో కదిరిలో పెట్టారు. పద్ధతి మంచిది, చవక కూడా. కానీ రోజూ ఒక మనిషి వచ్చి పటిక తూచి వేయాలి. బోరులో ఫ్లోరైడ్ మారితే పటిక మోతాదు మారాలి. అడుగున పేరుకున్న మడ్డి తీసి పారబోయాలి. ప్లాంటు కట్టడానికి డబ్బు ఒక్కసారి కావాలి. ఆ మనిషి జీతానికి ప్రతి నెలా కావాలి. మొదటిదానికి ప్రపంచంలో ఎక్కడి నుంచైనా డబ్బు వస్తుంది. రెండోదానికి పంచాయతీ వైపు చూడాలి. నేను చూసిన ఒక ప్లాంటులో ప్రారంభోత్సవం రాయి మీద అక్షరాలు ఇంకా మెరుస్తుండగానే తొట్టిలో పటిక లేదు.

ఒక మంచి సంగతి కూడా చెప్పి ఆపుతాను. 1970ల మధ్యలో యూనిసెఫ్ వాళ్ళు మన దేశంలో అప్పటికే వేసిన బోరింగులు ఎలా ఉన్నాయో చూస్తే, చూసిన చోట్ల నాలుగింట మూడు పని చేయడం లేదు. వేసినవి ఎన్ని అని కాకుండా నీళ్ళు పోస్తున్నవి ఎన్ని అని లెక్కపెట్టారు కాబట్టే ఆ సంగతి బయటపడింది. దాని నుంచే ఇండియా మార్క్ టూ చేతిపంపు పుట్టింది. దాన్ని మద్రాసులో తయారు చేశారు, షోలాపూర్ పంపు దానికి ఆధారం. తర్వాత ఆఫ్రికా దాకా వెళ్ళింది. లెక్క నిజాయితీగా ఉంటే వస్తువు కూడా బాగుపడుతుందమ్మా.

లిలాంగ్వే నుంచి (మంగళవారం, మధ్యాహ్నం 1:05)

ఏఈ గారూ, మీరు చెప్పింది చదువుతుంటే నేను రోజూ తిరిగే ఊళ్ళే కళ్ళ ముందుకు వచ్చాయి. మాది గుంటూరు. ఆరేళ్ళుగా ఆఫ్రికాలోని మలావీలో నీటి ప్రాజెక్టులో పని చేస్తున్నాను.

ఇక్కడ ఎక్కువగా ఆఫ్రిడెవ్ రకం చేతిపంపులు. ఒక బోరుకి 250 మంది అని ప్రభుత్వ లెక్క. బోరు వేయగానే 250 మందికి నీళ్ళు అందాయని ఏదో ఒక దేశంలో ఏదో ఒక నివేదికలో ఎక్కుతుంది. ఏడాదిన్నరకి పంపు లోపలి రబ్బరు సీలు అరిగిపోతుంది. చిన్న ముక్క, అరచేతిలో పడుతుంది. అది దొరికే కొట్టు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంటే, నీటి కమిటీ దగ్గర డబ్బు లేకపోతే, ఆ 250 మంది మళ్ళీ వాగు చెలమలకే వెళ్తారు. నివేదికలో మాత్రం వాళ్ళకి నీళ్ళు అందుతూనే ఉంటాయి. 2009లో సబ్‌సహారా ఆఫ్రికాలోని 20 దేశాల సమాచారం కలిపి చూస్తే 36 శాతం చేతిపంపులు పని చేయడం లేదని తేలింది.

దక్షిణాఫ్రికా ప్లేపంపు గురించి చాలామంది వినే ఉంటారు. పిల్లలు రంగులరాట్నం తిప్పితే నీళ్ళు ట్యాంకులోకి ఎక్కుతాయి. 2006లో అమెరికా వాళ్ళు 1.64 కోట్ల డాలర్లు ప్రకటించారు, 2010కల్లా 4,000 పంపులన్నారు. ఫోటోలు చాలా బాగా వచ్చాయి. పిల్లలు రోజంతా ఆడరు కదా. చివరికి ఆడవాళ్ళే నడుము వంచి ఆ చక్రం తోయాల్సి వచ్చింది. మామూలు చేతిపంపుని పీకేసి దాని స్థానంలో పెట్టిన చోట్ల వాళ్ళ కష్టం ఇంకా పెరిగింది. అక్కడ ముందు ఆ ఆడవాళ్ళని ఎవరూ అడగలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

అయితే గణాంకి గారు అన్నదానికి ఒకటి చేరుస్తాను. లక్ష్యం పెట్టే తీరులోనే కొందరికి అన్యాయం జరుగుతుంది. అవే సహస్రాబ్ది లక్ష్యాల్లో ఐదేళ్ళలోపు పిల్లల మరణాలు మూడింట రెండు వంతులు తగ్గాలన్నారు. సబ్‌సహారా ఆఫ్రికాలో 1990లో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 179 మంది పోయేవాళ్ళు. 2015కి 86. ప్రతి వెయ్యికి అదనంగా 93 మంది పిల్లలు బతికారు. ప్రపంచంలో ఇంత పెద్ద తగ్గుదల ఇంకే ప్రాంతంలోనూ లేదు. అయినా మూడింట రెండు వంతులు కాదు కాబట్టి "లక్ష్యం చేరలేదు" అని రాశారు. ఇక్కడ నాతో పనిచేసే మలావీ నర్సు ఆ వాక్యం చదివి కాగితం బల్ల మీద పెట్టేసి వార్డులోకి వెళ్ళిపోయింది. ఆ మొహం మర్చిపోలేను.

పల్లె టీచరు (మంగళవారం, సాయంత్రం 6:30)

నాకు ఒక్క సందేహం. డబ్బు అన్నిటికీ చాలదు. ఫ్లోరైడ్ ముందా, విరేచనాలు ముందా? విరేచనాలతో పసిపిల్ల రెండు రోజుల్లో పోతుంది. ఫ్లోరైడ్ మనిషిని వంచడానికి ఏళ్ళు పడుతుంది. ఏది ముందు అని ఎవరు చెప్పాలి?

గణాంకి (మంగళవారం, రాత్రి 10:50)

టీచరు గారు అసలు ప్రశ్న అడిగారు. దీనికి బంగ్లాదేశ్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1970ల నుంచి అక్కడ యూనిసెఫ్, ప్రభుత్వం కలిసి ఊరూరా గొట్టపుబావులు వేయించాయి. చెరువు నీళ్ళు తాగి పిల్లలు కలరాతో, విరేచనాలతో పోతున్నారు కాబట్టి. తర్వాత జనం తమ డబ్బుతోనే లక్షల బావులు వేసుకున్నారు. 1993లో ఆ బావుల్లో ఆర్సెనిక్ బయటపడింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన వ్యాసం దీన్ని చరిత్రలోనే అతి పెద్ద విషప్రమాదం అంది. 3.5 కోట్ల నుంచి 7.7 కోట్ల మందికి ముప్పు అని అంచనా.

అప్పుడు దాదాపు 50 లక్షల బావుల్ని పరీక్షించి మూతికి రంగు వేశారు. ఎరుపైతే తాగొద్దు, ఆకుపచ్చ అయితే తాగండి. ఒక డబ్బా పెయింటుతో జనానికి అర్థమయ్యేలా చెప్పిన పద్ధతి అది. కానీ ఎర్రబావి వదిలేసిన కొన్ని ఇళ్ళు దూరం నుంచి నీళ్ళు తెచ్చి బిందెల్లో నిలవ ఉంచుకోవడం, మళ్ళీ చెరువుల్లాంటి పైనీళ్ళు వాడటం మొదలుపెట్టాయి. ఆ ఇళ్ళలో పసిపిల్లల మరణాలు పెరిగాయని ఒక పరిశోధన బృందం చెప్పింది. అంటే నెమ్మదిగా చంపేదాన్ని తప్పించబోయి, త్వరగా చంపేదాని ముందు నిలబడ్డారు.

ఇలాంటి చిక్కు కోసమే 1993 ప్రపంచ అభివృద్ధి నివేదికలో ఒక కొలత వాడారు. చావు వల్ల పోయిన ఏళ్ళు, అవిటితనంతో గడిపిన ఏళ్ళు రెండిటినీ ఒకే కాటాలో వేసే కొలత. అవిటితనానికి సున్నాకీ ఒకటికీ మధ్య ఒక బరువు ఇస్తారు. దాని ప్రకారం చూస్తే క్రిములదే పైచేయి. ఆర్థికవేత్త మైఖేల్ క్రెమర్ బృందం చాలా ప్రయోగాలు కలిపి చూసి, నీళ్ళు శుద్ధి చేస్తే చిన్నపిల్లల మరణాలు సుమారు నాలుగో వంతు తగ్గుతాయని అంచనా వేసింది. నీళ్ళలో క్రిముల్ని చంపే క్లోరిన్‌కి అయ్యే ఖర్చు చాలా తక్కువ. కాబట్టి ఒక్క రూపాయి మాత్రమే ఉంటే నేను క్లోరిన్‌కే పెడతాను.

ఊరిబావి (మంగళవారం, రాత్రి 11:30)

గణాంకి గారూ, ఒక్క రూపాయి ఉంటే అనే మాటే నాకు మింగుడు పడదు. ఆ అత్త మెడకి బరువు ఎంత వేశారు? 0.1? 0.2? ఎవరిని అడిగి వేశారు? ఆమెకి పెళ్ళయి వచ్చినప్పుడు ఆ ఊరికి పిల్లనివ్వడానికే జనం వెనకాడేవారట. మూడు తరాల పాటు ఒక ఊరికి సంబంధాలు రాకపోవడం ఏ కాటాలో తూగుతుంది?

పైగా ఆ రూపాయి ఎప్పుడూ ఒక్కటే కాదు. నాగార్జునసాగర్ మా జిల్లాలోనే కట్టారు. 1967 నుంచి కాలువలకి నీళ్ళు వదులుతున్నారు. ఆ ప్రాజెక్టుకి దగ్గర్లోనే ఉన్న ఫ్లోరైడ్ ఊళ్ళు దశాబ్దాల పాటు అదే బోరు నీళ్ళు తాగాయి. కృష్ణ నీళ్ళు కావాలని ఎన్ని ధర్నాలు జరిగాయో మా నాన్న చెప్పేవాడు. ఫ్లోరైడ్ చివరికి పట్టికలో పైకి వచ్చిందంటే ఎవరో తూచి తేల్చినందువల్ల కాదు, వంగిన నడుములతోనే జనం రోడ్డు మీద కూర్చున్నందువల్ల.

ఇంకో మాట. తెలంగాణలో ఫ్లోరైడ్ ఆవాసాలు 2015లో 967 ఉంటే 2020 ఆగస్టుకి సున్నా అని పార్లమెంటులో చెప్పారు. మిషన్ భగీరథ నీళ్ళు వచ్చాక మా ఊళ్ళలో చిన్నపిల్లల పళ్ళు తెల్లగా కనిపించడం నేనే చూస్తున్నాను, ఒకప్పుడు గారపళ్ళు లేని పిల్లాడు ఉండేవాడు కాదు. ఆ సంతోషం మాటల్లో చెప్పలేను. కానీ సున్నా అని రాసిన రోజు నుంచి ఆ అత్త కూడా పట్టికలోంచి పోయింది. ఆవాసం బాగుపడింది, మనిషి మిగిలింది. ఆమె మందులకీ పింఛనుకీ ఏ లక్ష్యం కింద అడగాలి?

గణాంకి (బుధవారం, ఉదయం 8:10)

రాత్రంతా ఇదే ఆలోచించాను. పింఛను విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను, నా లెక్కలో ఆమెకి చోటు లేదు. క్లోరిన్ విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. ఎందుకంటే చనిపోయిన పసిబిడ్డ ధర్నాకి రాదు.

అంగన్‌వాడీ అక్క (బుధవారం, మధ్యాహ్నం 2:45)

మీ అంత చదువు నాకు లేదు గానీ, చేతుల్తో చేసిన పని ఉంది. జల్ జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకి నీళ్ళు పరీక్షించడం నేర్పించారు. అందులో నేనూ ఉన్నా. గొట్టంలో నీళ్ళు పోసి, మందు చుక్కలు వేసి, రంగుని అట్ట మీది రంగులతో పోల్చి చూడాలి. ఫ్లోరైడ్‌కి వేసినప్పుడు రంగు మారుతుంటే చుట్టూ మూగిన ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి చూస్తారు.

నేను గమనించింది ఒకటే. ట్యాంకు దగ్గర నీళ్ళు తీస్తే బాగుంటాయి. కుళాయి దగ్గర తీసినా పర్వాలేదు. ఇంట్లో బిందెలోంచి తీస్తే పాడవుతాయి. చెయ్యి ముంచుతారు, మూత ఉండదు, రోజు విడిచి రోజు నీళ్ళు వస్తే రెండు రోజులు నిలవ పెడతారు. కాబట్టి పిల్ల తాగే గ్లాసులోంచి తీయండి అమ్మా. మా పై సార్లు ట్యాంకు దగ్గర తీసిందే రాయమంటారు.

లిలాంగ్వే నుంచి (బుధవారం, మధ్యాహ్నం 3:20)

అక్కా, మీరు చెప్పిన పద్ధతే ఇప్పుడు యూనిసెఫ్ ఇంటింటి సర్వేల్లో ఉంది. "మీ ఇంట్లోవాళ్ళు మామూలుగా తాగే నీళ్ళు ఒక గ్లాసు ఇస్తారా" అని అడిగి, అందులోంచి 100 మిల్లీలీటర్లు వడకట్టి, ఆ పొరని ఒక రోజు వెచ్చగా ఉంచుతారు. ఈ.కోలి ఉంటే నీలి చుక్కలు తేలతాయి. మొదటిసారి ఆ చుక్కలు ఒక తల్లికి చూపించినప్పుడు ఆమె వెంటనే గ్లాసు కడగడానికి లేచింది. ఆ సర్వే ఫలితం మాకు రాకముందే ఆమెకి చేరింది.

సమయం కూడా కొలవండి. నీళ్ళ కోసం వెళ్ళి, వరసలో నిలబడి, తిరిగి రావడానికి 30 నిమిషాలు దాటితే ఆ ఇంటిని కింది మెట్టులో వేస్తారు. కానీ మగవాళ్ళని అడిగితే పది నిమిషాలు అంటారు. బిందె మోసే మనిషినే అడగాలి.

ఊరిబావి (బుధవారం, రాత్రి 9:00)

ఇందాక కూర్చుని ఫారం తిరగరాశాను. మొదటి ప్రశ్న తీసేశాను. దాని బదులు "నిన్న పొద్దుటి నుంచి మీ ఇంట్లో చిన్నపిల్ల తాగిన నీళ్ళు ఎక్కడివి?" అని పెట్టాను. నల్లా, క్యాన్, బోరింగు, బడిలో నీళ్ళు: ఎన్నైనా టిక్ పెట్టొచ్చు. ఆ తర్వాత గ్లాసు అడుగుతాం, అక్క చెప్పినట్టు. నెలకి క్యాన్‌కి ఎంత ఖర్చవుతోందో అడుగుతాం. నల్లా నీళ్ళు తాగకపోతే ఎందుకో వాళ్ళ మాటల్లోనే రాయడానికి మూడు గీతలు వదిలాను. ఇంట్లో పాత ఫ్లోరోసిస్‌తో ఉన్నవాళ్ళ వయసు, పింఛను వస్తోందా లేదా అన్నది వేరే పేజీ. గణాంకి గారూ, క్లోరిన్ వాసన వస్తోందా అనే ప్రశ్న మీ కోసమే పెట్టాను, పరీక్ష గొట్టం కూడా తీసుకెళ్తున్నాం.

పంపు ఎప్పుడు పెట్టారు అనే గడి తీసేసి, చివరిసారి ఎప్పుడు చెడిపోయింది, బాగవడానికి ఎన్ని రోజులు పట్టింది అని పెట్టాను.

రిటైర్డ్ ఏఈ (బుధవారం, రాత్రి 9:35)

చాలా బాగుందమ్మా. ఒక్క గడి మర్చిపోయారు. ఇళ్ళకి వెళ్ళే ముందు ట్యాంకు దగ్గర నీళ్ళు వదిలే మనిషిని కలవండి. చివరిసారి జీతం ఏ నెలకి వచ్చిందో అడిగి రాసుకోండి.

ఊరిబావి (బుధవారం, రాత్రి 9:41)

మొదటి పేజీలోనే పెట్టాను సార్. శుక్రవారం పొద్దున ఊళ్ళోకి వెళ్తున్నాం.